సంతానం అనగా ఎందరు?

విదేశీ నియామకాల సిబ్బంది సంక్షేమ అధికారి గారి సముఖమునకు,
ప్రధాన కార్యాలయం, మూడవ అంతస్తు.

విదేశీ శాఖ, లిఫ్టుల నిర్వహణ విభాగంలో సీనియర్ మెకానిక్‌గా పనిచేయుచున్న దిగువ సంతకందారు వ్రాసుకొను అర్జీ.

విషయం: కవల పిల్లలను ఒకే పిల్లగా లెక్కించి, రెండవ పిల్ల బడి ఫీజు దరఖాస్తును "నకలు" అని తిరస్కరించుట – తత్ఫలితంగా మా ఇంట జరిగిన సంగతులు – శనివారముల పనికి అనుమతి కోరుట – గురించి.

సూచిక: (1) నా ఉత్తరం. (2) తమ కార్యాలయపు జవాబు. (3) నా రెండో ఉత్తరం. (4) తమ కార్యాలయపు రెండో జవాబు. (5) నా జ్ఞాపిక. దీనికి జవాబు లేదు.

అయ్యా,

తమరు ఈ కుర్చీలోకి కొత్తగా వచ్చారని తెలిసింది. కాబట్టి పై అయిదు కాగితాలూ తమ దృష్టికి వచ్చి ఉండవు. వచ్చినా అవి చదివితే ఏమీ అర్థం కాదు. అందుచేత మొదటి నుంచీ మనవి చేసుకుంటున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. అది ఆరో అంశంలో వస్తుంది. దాచలేదు.

1. నేను ఈ సంస్థలో పద్నాలుగేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను. నా చేతి కిందున్న ఏ లిఫ్టూ ఎవరినీ అంతస్తుల మధ్య అరగంటకు మించి నిలబెట్టలేదని సవినయంగా మనవి. నన్ను ఇక్కడి శాఖకు బదిలీ చేసినప్పుడు, తమ కుర్చీలో అప్పుడున్న అధికారి గారు నన్ను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, "పిల్లల చదువు గురించి బెంగపడకయ్యా. అదంతా సంస్థ చూసుకుంటుంది" అన్నారు. నేను బెంగపడలేదు. నా భార్య పడింది. ఆమె ఒక ముద్రణాలయంలో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం చేసేది. ఏ కాగితమైనా రెండుసార్లు చదువుతుంది, ఏ మాటైనా రెండుసార్లు వింటుంది. "చూసుకుంటుంది అన్నారు సరే, కడుతుంది అన్నారా?" అని అడిగింది. నీకు అన్నీ అనుమానాలే అన్నాను. ఆ మాటకు నేను ఇప్పటికి ఎన్నిసార్లు క్షమాపణ చెప్పానో ఇక్కడ రాయడం అప్రస్తుతం.

2. మాకు ఇద్దరు ఆడపిల్లలు. కవలలు. తొమ్మిదేళ్లు. నాలుగు నిమిషాలు ముందు పుట్టినది పెద్దది, తర్వాత పుట్టినది చిన్నది. ఇద్దరివీ ఒకటే ముఖం, ఒకటే జడ, ఒకటే దగ్గు. వెనక నుంచి పిలవాల్సి వస్తే నేను కూడా పేరు పెట్టకుండా "ఏమ్మా" అని ఊరుకుంటాను. ఎవరు తిరిగితే వాళ్లే. వాళ్లమ్మ మాత్రం అడుగుల చప్పుడు విని చెబుతుంది.

3. ఇక్కడి అంతర్జాతీయ బడికి ఇద్దరినీ తీసుకువెళ్లాము. గుమ్మంలో అడుగుపెట్టడానికి దరఖాస్తు రుసుము. పిల్లకు చదువు వచ్చునో రాదో చూడటానికి పరీక్ష రుసుము. వచ్చునని తేలినందుకు ప్రవేశ రుసుము. ఆ పైన భవన నిధి. భవనం అప్పటికే అయిదంతస్తులు కట్టేసి ఉంది. ఆ పైన "తిరిగి ఇవ్వబడని ధరావతు" అని ఒకటి. తిరిగి ఇవ్వనిదాన్ని ధరావతు అని ఎందుకంటారమ్మా అని కౌంటరులో అమ్మాయిని నా భార్య అడిగింది. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ" అంది. ఇవి కాక ఎండకో టోపీ, ఈతకో టోపీ, ప్రయోగశాలకో కోటు. రంగు పెన్సిళ్లు కూడా వాళ్లు చెప్పిన కొట్లో, వాళ్లు చెప్పిన పెట్టెలోవే కొనాలి. అన్నీ కలిపితే ఒక పిల్లకు ఒక టర్ముకు నా మూడు నెలల జీతం. టర్ము అంటే నాలుగు నెలలు. మిగిలిన ఒక్క నెల జీతంతో ఇంటద్దె కట్టి, నలుగురం తినాలి.

స్థానిక సర్కారు బడిలో ఎందుకు చేర్చలేదని తమరు అడగవచ్చు. చేర్చబోయాను. రెండేళ్లు ఈ ఊళ్లో నివాసం ఉన్నట్టు పత్రం తెస్తే సీటు ఇస్తామన్నారు. నా నియామకమే రెండేళ్లు.

4. నియామక నిబంధనలు, పద్నాలుగో పేరాలో "ఉద్యోగి సంతానం యొక్క బడి ఖర్చు సంస్థ భరించును" అని ఉన్నది. పెద్దదాని దరఖాస్తు వెంటనే మంజూరైంది. అందుకు కృతజ్ఞుణ్ణి. చిన్నదాని దరఖాస్తు తిరిగి వచ్చింది. కారణం: "అదే తండ్రి, అదే తల్లి, అదే పుట్టిన తేదీ, అదే ఫోటో. ఇది ఇదివరకే మంజూరైన దరఖాస్తుకు నకలుగా గుర్తించి తిరస్కరించడమైనది."

అది అదే ఫోటో కాదయ్యా, రెండో పిల్ల ఫోటో అని రాశాను. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి కొత్త ఫోటో తీయించి పంపాను. దానికి వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఒకే వ్యక్తిని రెండుసార్లు చూపు ఫోటోలు స్వీకరించబడవు. అదియునుగాక సంతానం అనగా ఒక సంతానం."

ఈ రెండో వాక్యం దగ్గర నా భార్య కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీకు సంతానం ఎంత అని అడుగుతారు గానీ, సంతానాలు ఎన్ని అని ఎవరైనా అడుగుతారా? ఒకరున్నా సంతానమే, పదిమందున్నా సంతానమే. ఆ మాటకి బహువచనమే లేదు. ఇది వాళ్లకి రాయండి" అంది. రాశాను. అదే సూచికలోని అయిదో కాగితం.

5. మొదటి టర్ము పెద్దది ఒక్కతే బడికి వెళ్లింది. పొద్దున్నే అక్క బూట్లు తుడిచి ఇచ్చేది చిన్నది. ఎవరూ చెప్పలేదు, తనే తుడిచేది. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడి, తర్వాత వాళ్లమ్మ దగ్గర పుస్తకం తెరిచేది. సాయంత్రం బస్సు వచ్చే వేళకి మళ్లీ కిటికీ. పెద్దది మెట్లెక్కి లోపలికి రాకముందే "ఏం చెప్పారు? ఎవరు ఏమన్నారు? ఎవరి పక్కన కూర్చున్నావు?" అని ప్రశ్నలు. అక్క హోంవర్కు కూడా తనే లాక్కుని చేసేది. పెద్దదానికి లెక్కలంటే గిట్టదు గనుక అభ్యంతరం చెప్పలేదు.

నేను పనిచేసే భవనాల్లో లిఫ్టులు ఎక్కే పిల్లల భుజాల మీద సంచులు చూసినప్పుడల్లా నాకు ఎలా ఉండేదో రాయడానికి ఈ అర్జీలో వేరే అంశం పెట్టలేదు.

6. ఇప్పుడు నా తప్పు.

రెండో టర్ము మొదట్లో పెద్దదానికి జ్వరం వచ్చింది. ఆరోజు బడిలో పరీక్ష. పరీక్షకు రాకపోతే మళ్లీ రాయించడానికి వేరే రుసుము కట్టాలని నోటీసు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఆ రుసుము ఎక్కడి నుంచి తేవాలా అని ఆలోచిస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి చిన్నది యూనిఫారం వేసుకుని, జడ వేయించుకుని, సంచి తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేను వాళ్లమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడకుండా, "ఒక్కరోజే కదా" అంది.

సాయంత్రం తిరిగివచ్చిన పిల్ల, సంచి దించకుండా గంటన్నర మాట్లాడింది. మంచం మీద జ్వరంతో ఉన్న పెద్దది అంతా విని, "నాన్నా, రేపు కూడా దాన్నే వెళ్లనీ. నాకింకా తగ్గలేదు" అంది. నుదురు పట్టుకుని చూశాను. చల్లగా ఉంది.

ఆ తర్వాత సోమ, బుధ, శుక్రవారాలు పెద్దది, మంగళ, గురువారాలు చిన్నది. ఇద్దరికీ ఒకే యూనిఫారం, ఒకే పేరు. ఆ పేరు పెద్దదానిది.

మా పనిలో ఒక షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి ఒక పుస్తకం అప్పగిస్తాడు. ఏ లిఫ్టు ఎలా ఉంది, ఏది ఆపి ఉంచారు, దేన్ని కనిపెట్టి ఉండాలి అని అందులో రాస్తాడు. అలాంటి పుస్తకమే నేను పిల్లలకు కొనిచ్చాను. తప్పు చేసేటప్పుడు కూడా నా ఉద్యోగపు క్రమశిక్షణను వదలలేదని మనవి. నేరం దాచలేదనడానికి సాక్ష్యంగా అందులోంచి కొన్ని పంక్తులు:

"సోమవారం. కళ్లద్దాల పిల్లతో కటీఫ్. రేపు దాంతో మాట్లాడకు."

"మంగళవారం. మర్చిపోయి మాట్లాడేశాను. అది చాలా మంచిది. ఇద్దరం ఒకే పెట్టెలోంచి తిన్నాం."

"బుధవారం. ఎవరు మాట్లాడమన్నారు? అది నవ్వుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేను గింజుకున్నాను. పాపం ఏడ్చింది."

"గురువారం. దానికి కడుపునొప్పి వల్ల అలా చేశానని చెప్పాను. రేపు నీకు కడుపునొప్పి. మర్చిపోకు."

7. ఆ తర్వాత బడి నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. అమ్మాయి చేతివాత ఒకరోజు ఇటు, ఒకరోజు అటు వాలుతోందన్నారు. నిన్న గుణకారాలన్నీ గడగడా చెప్పిన పిల్ల ఇవాళ ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయిందన్నారు. ఒకరోజు పాలు చూస్తే వాంతి అంటుంది, మర్నాడు రెండు గ్లాసులు తాగుతుంది అన్నారు. మీ ఇంట్లో ఏమైనా గొడవలా అని అడిగారు. లేవని రాశాను. అయితే పాపను మనస్తత్వ నిపుణురాలికి చూపించాలి, మూడు సిట్టింగులు, రుసుము తల్లిదండ్రులే కట్టాలి అన్నారు. కట్టాను. మొదటి సిట్టింగు సోమవారం, రెండోది గురువారం, మూడోది బుధవారం పడ్డాయి.

ఆమె నివేదిక జతపరిచాను. చివరి పంక్తులు మాత్రం ఇక్కడ రాస్తున్నాను: "ఈ పాప లోపల ఇంకొక పాప ఉంది. ఆ రెండో పాపకు తనకంటూ చోటు లేదని బాధ. ఆమెను బయటికి రానివ్వాలి."

నేను నవ్వాను. నా భార్య నవ్వలేదు. ఆ కాగితాన్ని ఆమె రెండుసార్లు కాదు, చాలాసార్లు చదివింది.

8. కళ్లద్దాల పిల్ల పుట్టినరోజు శనివారం వచ్చింది. ఆహ్వానం కార్డు తెచ్చినది చిన్నది. దాని మీద ఉన్నది పెద్దదాని పేరు. సాయంత్రం ఆ కార్డు బల్ల మీద పెట్టి, మా ఇద్దరి ముందూ నిలబడింది.

"పుట్టినరోజుకి ఎవరు వెళ్లాలి?"

"కార్డు మీద ఎవరి పేరుంటే వాళ్లే కదమ్మా" అన్నాను.

"పేరు అక్కది. స్నేహితురాలు నాది."

నేను కార్డు తిప్పి వెనకవైపు కూడా చూశాను. కాసేపటికి చిన్నదే, "సరేలే, అక్కే వెళ్లనీ. నేను వెళ్తే అందరూ అక్క పేరుతోనే పిలుస్తారు. రోజంతా వినాలి" అంది. వారం రోజులు కూర్చుని అట్టముక్కలతో, దారంతో ఒక బొమ్మ లిఫ్టు చేసి అక్క చేతికిచ్చి పంపింది.

అక్కడ జరిగింది పెద్దది చెప్పగా విన్నాను. కళ్లద్దాల పిల్ల ఆ లిఫ్టును పైకి లాగింది. అది రెండో అంతస్తులో ఆగిపోయింది. "ఇక్కడ ఎందుకు ఆగింది?" అని అడిగింది. పెద్దదానికి తెలియదు. దారం ఎక్కడ కట్టిందో, ఏ ముడి విప్పాలో తెలియదు. ఆ పిల్ల కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"ఇది నువ్వు చేయలేదు. నువ్వు పాలు తాగని అమ్మాయివి. నా పాలు కూడా తాగేసే అమ్మాయి ఏది?"

పెద్దదానికి అబద్ధం ఆడటం అలవాటైపోయిందనే నేను భయపడుతూ వచ్చాను. కానీ ఆ నిమిషంలో అది, "తను మా చెల్లి. ఇంట్లో ఉంది" అని చెప్పేసింది. ఇద్దరు క్లాసు టీచర్లకూ, నా డబ్బు తీసుకున్న మనస్తత్వ నిపుణురాలికీ, తమ కార్యాలయానికీ తెలియని సంగతిని తొమ్మిదేళ్ల పిల్ల పాలగ్లాసును బట్టి కనిపెట్టింది.

కాసేపటికి ఆ పిల్ల తల్లి నాకు ఫోన్ చేసింది.

"మీకు ఎంతమంది పిల్లలండీ?"

తమ కార్యాలయంతో ఏడాదికి పైగా ఉత్తరప్రత్యుత్తరాలు జరిపిన మీదట ఆ ప్రశ్నకు నా నోట వెంటనే జవాబు రాలేదు. తర్వాత, "ఇద్దరండీ" అన్నాను. ఎవరైనా అడిగితే ఆ మాట అనడం నాకు చాలా రోజుల తర్వాత అదే మొదలు.

"అయితే రెండో అమ్మాయిని కూడా పంపించండి. మా పాప కేకు కోయకుండా కూర్చుంది."

చిన్నది సగం వేసిన జడతోనే పరుగెత్తింది. ఆ ఇంట్లో కనిపించిన ప్రతివారికీ తన పేరు చెప్పిందట. అడిగినవాళ్లకీ చెప్పింది, అడగనివాళ్లకీ చెప్పింది. సామాను దించడానికి వచ్చినవాడికి రెండుసార్లు చెప్పిందట.

9. ఆ తల్లి బడి పాలకవర్గంలో సభ్యురాలు. సోమవారం పొద్దున్నే మాకు పిలుపు వచ్చింది.

నలుగురం వెళ్లాము. ప్రధానోపాధ్యాయురాలి గది అయిదో అంతస్తులో, వంటగది పక్కన ఉంది. ఆమె చాలాసేపు ఇద్దరు పిల్లల్నీ మార్చి మార్చి చూసింది. ఒకరు యూనిఫారంలో, ఒకరు ఇంటి గౌనులో.

"వీళ్లలో మా విద్యార్థి ఎవరు?"

ఇద్దరూ చేతులు ఎత్తారు.

"రెండు టర్ములు మా బడిని మోసం చేశారు మీరు" అంది ఆమె.

"ఏ రోజూ ఒక్క కుర్చీ కంటే ఎక్కువ వాడుకోలేదమ్మా" అంది నా భార్య.

"నేను కుర్చీల గురించి మాట్లాడటం లేదు." ఆమె నా వైపు తిరిగింది. "ఒక పిల్లను ఇంకో పిల్ల పేరుతో పిలుస్తుంటే, అది పలుకుతూ ఉంటే, తండ్రిగా మీకు ఏమీ అనిపించలేదా?"

నేను తల దించుకున్నాను. అనిపించింది అని చెబుదామనుకున్నాను. అప్పుడే గోడ అవతలి నుంచి ఒక చప్పుడు వినిపించింది. టిక్, టిక్, టిక్ అని సన్నగా. ఆగింది. మళ్లీ మొదలైంది.

"అది సామాన్ల లిఫ్టా?" అన్నాను.

"ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పండి."

"ఆ లిఫ్టు ఆపించండి. ముందు ఆపించండి అమ్మా!"

నా భార్య నా మోచేయి గిల్లింది. సిగ్గుపడి మాట మారుస్తున్నానని అనుకుందట. నేను లేచి బయటికి పరుగెత్తాను. వంటావిడ ప్లేట్ల బుట్టను లిఫ్టులో పెట్టి, ఇంకో బుట్టకు చోటు చేయడానికి లోపలికి వంగి ఉంది. ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగాను. ఆమె నన్ను గరిటెతో కొట్టింది. పక్కనే ఉన్న స్విచ్చు కట్టేశాను.

ఆ చప్పుడు ఏమిటో తమకు విన్నవిస్తాను. లిఫ్టును మోసే ఉక్కు తాడులో పోగులు తెగితే, ఆ తెగిన కొసలు కప్పీ మీదుగా వెళ్లేటప్పుడు అలా తగులుతాయి. పైకెక్కి చూశాను. ఒకచోట సగానికి సగం తెగి, చీపురులా విచ్చుకుని ఉంది. అంతకు మూడు వారాల ముందే ఆ లిఫ్టు బాగున్నదని తనిఖీ చేసినవారి సంతకం గోడ మీద అతికించి ఉంది.

ప్రధానోపాధ్యాయురాలు ఆ తాడును తన చేతితో తాకి చూసింది. వేలికి పోగు గుచ్చుకుంది. రక్తం తుడుచుకుంటూ గోడ మీది సంతకాన్ని ఇంకోసారి చదివింది. వంటావిడ నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, గరిటె దెబ్బకు క్షమించమంది.

మళ్లీ గదిలో కూర్చున్నాక నేనే మొదలుపెట్టాను. "అనిపించిందమ్మా. రోజూ అనిపించింది. కానీ ఒకదాన్ని కిటికీ దగ్గర నిలబెట్టడం కంటే ఇద్దరినీ సగం సగం పంపడం నయమనుకున్నాను. అది కూడా తప్పే."

ఆమె కోపం పూర్తిగా పోలేదు, పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. అయితే ఆమె చెప్పినది ఇది: ఆ బడి సిబ్బంది పిల్లలకు ఫీజు లేదు. నేను ప్రతి శనివారం అక్కడి మూడు లిఫ్టులనూ చూసుకుంటే, చిన్నదాన్ని సిబ్బంది పిల్లగా చేర్చుకుంటారు. కానీ నా వీసా ఈ సంస్థ పేరు మీద ఉంది గనుక, సంస్థ అనుమతి పత్రం లేకుండా నేను అక్కడ ఒక మేకు కూడా బిగించకూడదు. అంతదాకా ఇద్దరినీ బడికి రానిస్తారు గానీ, పత్రం నెలాఖరులోగా అందాలి. అందకపోతే చిన్నదానికే కాదు, చేసిన మోసానికి పెద్దదానికి కూడా సీటు ఉండదు.

"మీ సంస్థవాళ్లు ఇంత చిన్న పత్రం ఇవ్వరా?" అని అడిగింది. తమ కార్యాలయం పరువు దృష్ట్యా "ఇస్తారు" అనే చెప్పాను.

10. ఇది ఫిర్యాదు కాదు. అయినా తమకు తెలియాలి.

కిందటి బుధవారం నుంచి ఇద్దరూ కలిసి బడికి వెళుతున్నారు. రెండో యూనిఫారం నా భార్య కుట్టింది. మొదటిరోజు హాజరు పిలుస్తూ టీచరు పెద్దదాని పేరు పిలిచింది. ఇద్దరూ పలికారు. క్లాసంతా నవ్వింది. తర్వాత చిన్నదాని పేరు పిలిచింది. ఎవరూ పలకలేదు. టీచరు మళ్లీ పిలిచింది. చిన్నది బల్ల వైపు చూస్తూ కూర్చుందట. తనకు కాదేమో అనుకుందట. రెండు టర్ములుగా ఆ గదిలో తన పేరు వినలేదు కదా. పెద్దది మోకాలితో తట్టి, "ఒసేయ్, నిన్నే" అంది. అప్పుడు లేచి నిలబడింది. పలికేలోపే కళ్లద్దాల పిల్ల వెనక బల్ల నుంచి గట్టిగా, "వచ్చింది టీచర్, ఇక్కడే ఉంది!" అని అరిచిందట.

కావున తమను వేడుకొనునది:

(అ) శనివారములలో సదరు బడి లిఫ్టులు చూసుకొనుటకు నాకు అనుమతి పత్రం ఈ నెలాఖరులోగా ఇప్పించవలెను. సంస్థ పనికి ఒక్క నిమిషం లోటు రానివ్వను.

(ఆ) "సంతానం" అను మాటను తెలుగువారందరూ వాడునట్లే తమ కార్యాలయం కూడా వాడవలెను. అది వీలుకాని పక్షమున, మా పిల్లలు ఒకే కాన్పులో పుట్టిరి గనుక ఆ కాన్పు మొత్తాన్ని ఒక సంతానంగా భావించవలెను.

(ఇ) మనస్తత్వ నిపుణురాలికి చెల్లించిన రుసుమును వైద్యఖర్చుల కింద ఇప్పించవలెను. రోగనిర్ణయం సరైనదే గనుక ఆ ఖర్చు వృథా కాలేదు.

(ఈ) నా మీద క్రమశిక్షణ చర్య తీసుకోదలిస్తే అనుమతి పత్రం ఇచ్చిన తర్వాత తీసుకోవలెను. నాకు రావలసిన ఇంక్రిమెంటు ఆపినా అర్జీ పెట్టుకోను. పిల్లల్ని మాత్రం ఇద్దరిగా లెక్కపెట్టండి. నేను అడిగేది అంతే.

ఇంత పొడుగు కాగితం తమ విలువైన సమయాన్ని తిన్నదని తెలుసు. అయినా ఒక్కసారి కుర్చీ దగ్గరకు లాక్కుని, మొదటి నుంచి చివరిదాకా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
సీనియర్ మెకానిక్, లిఫ్టుల నిర్వహణ విభాగం,
ఇద్దరు పిల్లల తండ్రి.

జతపరచినవి: ఇద్దరి జన్మపత్రాలు, నివేదిక ఒకటి, షిఫ్టు పుస్తకం ఒకటి (చదివి తిప్పి పంపవలెను, పిల్లలు అడుగుతున్నారు), తెగిన తాడు ముక్క ఒకటి.

తా.క.: అయ్యా, పైన సంతకం చేసినవారి భార్యను రాస్తున్నాను. ఆయన రాసినదాంట్లో పదకొండు తప్పులు దిద్దాను. ఇంక్రిమెంటు ఆపుకోమన్న మాట కూడా కొట్టేద్దామనుకున్నాను, ఆయన ఒప్పుకోలేదు. తమరు దాన్ని పట్టించుకోవద్దు.

ఆయన రాయడానికి మొహమాటపడిన సంగతి ఇంకొకటి ఉంది. వచ్చే ఏడాది తమరినే ఈ శాఖకు బదిలీ చేస్తున్నారని ఇక్కడి స్టోర్సు గుమాస్తా చెప్పాడు. తమకు ముగ్గురు పిల్లలని కూడా చెప్పాడు. విని సంతోషించాను. సంతానం అంటే ఎందరో తేల్చే కాగితం మీద సంతకం పెట్టవలసింది తమరే గనుక, తొందరపడి పెట్టకండి. ఒకసారి ఇంటికి తీసుకెళ్లి మీ ఆవిడకి చూపించండి.

టర్ము చివరి శనివారం, పిల్లలకు పొట్టివైపోయిన యూనిఫారాలు, బూట్లు తల్లులం బడి వరండాలో పెట్టి అమ్ముకుంటాం. కొత్తవాటి ధరలో అయిదో వంతుకు వస్తాయి. పొద్దున్నే వెళ్లకపోతే మంచివి మిగలవు. నేను వెళతాను. తమ పిల్లలు ముగ్గురినీ తెల్లకాగితం మీద నిలబెట్టి, పాదాల చుట్టూ పెన్సిలుతో గీసి పంపించమని మీ ఆవిడకి చెప్పండి. వేళ్ల దగ్గర కొంచెం వదులు ఉంచి గీయమనండి. ఇక్కడికి వచ్చేలోపు పెరుగుతారు.